ఇంటి ఛాయాచిత్రములు – వాటి సంరక్షణము

విద్యార్థులారా! ఛాయాచిత్రము మనుష్యుల రూపమును నిలుపును గాని వారి పేరును నిలుపజాలదు. పాత పెండ్లి పటములో ఇరువదిమంది బంధువులు వరుసగా నిలిచియుందురు. వారెవరో చెప్పగల అవ్వయో తాతయో ఉన్నంతవరకే అది మన కుటుంబ చరిత్ర. అటుపిమ్మట అది ఎవరిదో తెలియని కాగితము. కావున ఈ పనిలో మొదట చేయవలసినది పెద్దల నడిగి పేర్లు వ్రాసికొనుట.

మన బళ్ళారి ప్రాంతపు తెలుగు కుటుంబములకు ఇది మరింత అవసరము. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్ర మేర్పడినప్పుడు నాటి బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రలో చేరినవి; బళ్ళారితో సహా తక్కినవి మైసూరు రాష్ట్రమున చేరినవి. ఒకే పటములో ప్రక్కప్రక్కన నిలిచినవారి మనుమలు నేడు వేర్వేరు రాష్ట్రములలో, వేర్వేరు లిపులలో చదువుకొనుచున్నారు. ఇంట తెలుగు మాటలాడుచు దానిని చదువలేనివారును మనలో కలరు. పటము వెనుక తాతగారు వ్రాసిన రెండు పంక్తులను చదివి వినిపింపగలవారు ఆ యింట మీరొక్కరే కావచ్చును.

పేర్లు వ్రాయు విధము

పటమును బల్లపై నుంచి ఎడమనుండి కుడికి ఒక్కొక్కరిని చూపుచు పెద్దల నడుగవలెను. పేరు, ఇంటిపేరు, ఊరు, వరుస వ్రాయవలెను. 'అంకుల్' అని వ్రాసినచో ఆయన మేనమామయో, చిన్నాయనయో, పెద్దనాయనయో తెలియదు. మన వరుసమాట ఒక్కటి వ్రాసిన చాలును, బంధుత్వమంతయు తెలియును. పెద్దలు నిశ్చయముగా చెప్పినదానిని, ఊహించి చెప్పినదానిని వేరుగా గుర్తింపవలెను. ఊహించినదానికి 'కావచ్చును' అని చేర్చిన చాలును. పాత వ్రాత కన్నడములోనున్నను, ఆంగ్లములోనున్నను దానిని చెరపక ఉన్నదున్నట్లు నకలు వ్రాసికొనవలెను.

పాత కాగితపు పటముల వెనుక మెత్తని పెన్సిలుతో, అంచున, ఒత్తక వ్రాయవలెను. కలముతో వ్రాసినచో సిరా ఇవతలికి దిగవచ్చును. నున్నని రంగు పటములపై పెన్సిలు నిలువదు. వాటికొక సంఖ్య నిచ్చి, వివరములను నోటుపుస్తకమున వ్రాయుట మేలు.

కాలము తెలిసికొను విధము

స్టూడియోవారి ముద్రయే మంచి ఆధారము. ముద్రలో 'ఆదోని, బళ్ళారి జిల్లా' అని యున్నచో అది 1953కు పూర్వపుదై యుండవచ్చును. 'మైసూరు రాష్ట్రము' అని యున్నచో 1973కు ముందుదై యుండవచ్చును. ఆ సంవత్సరము నవంబరు 1న రాష్ట్రమునకు కర్ణాటక అను పేరు వచ్చినది. ఆరంకెల పిన్‌కోడు 1972 ఆగస్టు 15న అమలులోనికి వచ్చినది గనుక, అది ముద్రలోనున్న ప్రతి అటుతరువాతిదే. ఇంటనున్న శుభలేఖలతో సరిపోల్చినచో సంవత్సరము తేలును.

భద్రపరచుట

ఎండ, వేడి, తేమ, చెదలు – ఈ నాలుగును పటములకు శత్రువులు. అటకపై వేడి యెక్కువ. గచ్చునేలపై తేమ యెక్కువ. గదిలోపలి గోడకు చేర్చిన ఇనుపబీరువా మంచి చోటు. జిగురుపుటల ఆల్బములలో కాలక్రమమున జిగురు పచ్చబారి పటమునకు అంటుకొనును. ఊడిరాని పటమును బలవంతముగా లాగరాదు. పుటతో సహా ఫోటో తీసికొనవలెను. లామినేషను చేయింపరాదు. నెగటివులను పారవేయరాదు, వాటినుండి క్రొత్త ప్రతి తీయవచ్చును. పూజగదిలో బొట్టుపెట్టి దండవేయు పటమునకు నకలు తీయించి గోడకు తగిలించి, మూలమును బీరువాలో దాచుట ఉత్తమము.

వీడియోలు

వి.హెచ్.ఎస్. క్యాసెట్టు 1976లో జపానులో వెలువడినది. దానిని నడుపు యంత్రములను తయారుచేయుచుండిన చివరి సంస్థయు 2016 జూలైలో ఆ పని మానినది. టేపుపై నున్న అయస్కాంతపు పూతయు ఏటేట క్షీణించును. కావున ఇంట పెండ్లి క్యాసెట్టున్నచో దానిని త్వరలో కంప్యూటరులోనికి ఎక్కింపవలెను. బూజుపట్టిన టేపును ఇంట నడుపరాదు, తెలిసినవారికి చూపవలెను. పటమునకు లేనిది వీడియోకు కలదు – కంఠస్వరము. అవ్వ పాడిన పెండ్లిపాట, ఆమె పలుకుబడి అందులో నిలిచియుండును. ఆ పాట మాటలను విని వ్రాసికొనుడు.

మూడు ప్రతులు

స్కానరు ఉన్నచో అంగుళమునకు 600 చుక్కల చొప్పున తీయవలెను. ఆరు అంగుళముల పొడవు, నాలుగు అంగుళముల వెడల్పు గల పటము 3600, 2400 చుక్కలుగా వచ్చును. దస్త్రమునకు ముందుగా సంవత్సరము, పిదప సందర్భము, ఊరు పేరుగా నుంచినచో అవి వరుసలో నిలుచును. వాట్సాప్‌లో ఫోటోగా పంపినచో వివరము తగ్గును, డాక్యుమెంటుగా పంపవలెను. మూడు ప్రతులుంచుట, రెండు విధములైన సాధనములపై నుంచుట, ఒకటి వేరొక ఊరి బంధువుల యింటనుంచుట – ఇది మంచి నియమము. ఫోను ఒక్కదానినే నమ్మరాదు.

తల్లిదండ్రులకు మనవి: పిల్లలు పటములపెట్టె అడిగినప్పుడు, పాడుచేయుదురని దాచక, దగ్గర కూర్చుండి తెరచి చూపుడు. ఆ గంటసేపటిలో వారు నేర్చుకొను వరుసలు, ఊర్లపేర్లు మేము తరగతిలో నేర్పజాలము.

అభ్యాసము

1. దసరా సెలవులలో ఇంటి పెద్దలలో ఒకరి నడిగి ఐదు పాత పటముల వివరములను తెలుగులో వ్రాయుడు.
2. అందొక పటమునందలి వారందరికిని మీతో గల వరుసను తెలుపుడు.
3. ఎవరును గుర్తింపలేని పటమున్నచో, నకలు తీసి సరిహద్దు కావలనున్న బంధువులకు పంపి అడుగుడు.