మరల వ్రాయబడిన గ్రంథము

చదువవలసిన భాగము: యిర్మీయా 36వ అధ్యాయము

ధ్యానాంశము: త్రోసివేయబడిన తలంపును విశ్వాసి ఏమి చేయవలెను?

అది శీతకాలము. రాజనగరులో యెహోయాకీము ఎదుట కుంపటి రగులుచుండెను. యెహూది మూడు నాలుగు పుటలు చదివి ముగించిన కొలది రాజు వాటిని చాకుతో కోసి నిప్పులో వేయుచుండెను. వలదని ముగ్గురు అధిపతులు బతిమాలినను అతడు వినలేదు. యిర్మీయా పలుకగా బారూకు సిరాతో వ్రాసినదంతయు కొద్దిసేపటిలో బూడిదయాయెను.

అయితే అధ్యాయము అచ్చట ముగియలేదు. దేవుని ఆజ్ఞ చొప్పున ప్రవక్త మరియొక గ్రంథము తీసికొనెను. కాలిపోయిన మాటలన్నియు బారూకు తిరిగి వ్రాసెను. అట్టివి మరి అనేకములు వాటితో చేర్చబడెనని 32వ వచనము తెలుపుచున్నది. మొదటి గ్రంథము కంటె రెండవది పెద్దదాయెను.

ప్రవక్త పలికినది దేవుని వాక్కు. సామాన్య విశ్వాసికి తట్టు ఆలోచన దానితో సమానము కాదు, అది పరీక్షింపబడవలసినదే (1 థెస్స. 5:21). ఐనను నిరాకరణకు లోబడి నోరు మూసికొనక, కోపముతో తిరుగబడక, పనిని మరల చేపట్టు మార్గము ఈ అధ్యాయములో కనబడుచున్నది.

ఈ మార్గమున నడచినవారిలో విలియం కేరీ (1761-1834) ఒకడు. ఆయన ఇంగ్లండులో పాదరక్షలు కుట్టుచు, బడి నడుపుచు, చిన్న సంఘమునకు కాపరిగా నుండెను. అపొస్తలులకు ప్రభువిచ్చిన సువార్త ఆజ్ఞ ఈ కాలపు సేవకులకును వర్తించునా అని ఆయన కాపరుల కూటములో ప్రశ్నించగా, పెద్దలలో ఒకరు గద్దించి కూర్చుండబెట్టిరని ఆయన జీవితచరిత్రలు చెప్పుచున్నవి.

కేరీ కూర్చుండెను గాని ప్రశ్నను విడువలేదు. దానిని గ్రంథముగా వ్రాసి 1792లో ప్రకటించెను. అందులో ఆయన ఎవరిని నిందింపలేదు. లోకములోని దేశములను, వాటి జనసంఖ్యను, మతములను పట్టికలుగా కూర్చెను. దూరము, ప్రాణభయము, జీవనాధారము, తెలియని భాషలు అను ఆక్షేపణలను ఒక్కొక్కటిగా ఎత్తుకొని, వర్తకులు లాభము కొరకు దాటుచున్న ఆటంకములను సువార్తికులు దాటలేరా అని తర్కించెను. అదే సంవత్సరము అక్టోబరు 2న కెట్టరింగులో మిషనరీ సంఘము ఏర్పడెను. మరుసటి సంవత్సరము కేరీ బెంగాలు చేరెను.

1812 మార్చి 11న శ్రీరాంపూరు ముద్రణాలయము అగ్నికి ఆహుతియై, ఆయన వ్రాతప్రతులు అనేకములు నశించెను. ఇది మనుష్యుల తిరస్కారము కాకపోయినను నష్టము అట్టిదే. ఆయన మరల కూర్చుండి వ్రాసెను. ఆయన తెలుగు వ్యాకరణము 1814లోను, తెలుగు క్రొత్త నిబంధన 1818లోను ఆ ముద్రణాలయమునుండియే వెలువడెను.

ఇందునుండి మూడు సంగతులు గ్రహింపవచ్చును.

1. ఆక్షేపణ పనికి ముడిసరుకు. "ఇది సాధ్యము కాదు" అను మాట విన్నవాడు ఎందుచేత కాదో అడిగి తెలిసికొనవలెను. తరచుగా ఆ కారణమే తరువాతి అధ్యాయమగును.

2. విమర్శలోని సత్యమును అంగీకరింపవలెను. 1801లో అచ్చయిన తన బెంగాలీ క్రొత్త నిబంధనను కేరీ తరువాతి ముద్రణలలో పలుమారులు సవరించెను. ధైర్యము వేరు, మొండితనము వేరు.

3. తోడు కావలెను. యిర్మీయాకు బారూకును, కేరీకి ఆండ్రూ ఫుల్లరును ఉండిరి. ఒంటరిగా మోసిన తలంపు త్వరగా బరువగును.

సంఘములో క్రొత్త కీర్తన కూర్చిన యువకుడు, ఆదివారపు బడిలో నూతన పద్ధతి తలపెట్టిన ఉపాధ్యాయిని ఒక్క పరిహాసపు మాటతో వెనుకకు తగ్గుట కలదు. అట్టివారు ఆ కాగితమును చింపివేయక ప్రార్థనతో మరల తెరువవలెను. పెద్దలైనవారు తమ చేతిలో చాకు ఉన్నదేమో చూచుకొనవలెను.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. బారూకు రెండవసారి వ్రాయుటకు పూనుకొన్నప్పుడు అతని మనస్సులో ఏమి మెదలియుండును?

2. ఈ సంవత్సరము సంఘములో వినకయే త్రోసివేయబడిన సలహా ఏదైన ఉన్నదా? దానిని మరల వినుట ఎట్లు?

ప్రార్థనాంశము: తమ తలంపును చెప్పి నిరాకరింపబడినవారు వినయముతోను ధైర్యముతోను దానిని మరల చేపట్టునట్లు.