కనురెప్పల అదురు : కారణములు, చికిత్స

కన్ను అదరుట ఎరుగనివారు లేరు. కుడికన్ను అదిరిన పురుషులకు, ఎడమకన్ను అదిరిన స్త్రీలకు శుభమని మనవారు చెప్పుకొందురు. ఆ నమ్మకము ఎట్లున్నను, అదురు పుట్టునది శరీరములోనే. దానిని ఎప్పుడు ఉపేక్షింపవచ్చునో, ఎప్పుడు ఉపేక్షింపరాదో ప్రతివారును తెలిసికొనవలెను.

సాధారణమైన అదురు

నిద్ర చాలకపోవుట, అలసట, మనోవ్యాకులత, కాఫీ టీలు మితిమీరి త్రాగుట, కన్ను పొడిబారుట - వీనివలన ఒక కంటి రెప్పలో, తరచుగా క్రిందిరెప్పలో, సన్నని అదురు పుట్టును. కన్ను మూసికొనిపోదు, చూపునకు ఆటంకము రాదు. విశ్రాంతి తీసికొని, కాఫీ టీలు తగ్గించినచో కొలది దినములలోనో, కొన్ని వారములలోనో దానంతట అదే తగ్గును.

కన్ను మూసివేయు వ్యాధి

ఇంతకంటె తీవ్రమైనది మరియొకటి కలదు. దానిని వైద్యులు ‘బ్లెఫరోస్పాజమ్’ అందురు. కంటిచుట్టు వలయముగా నుండు కండరము మన ప్రమేయము లేకయే బిగిసి, రెండు కన్నులను మూసివేయును. నడివయస్సువారికి, వృద్ధులకు, అందును స్త్రీలకు ఎక్కువగా వచ్చును. మొదట రెప్పలు అతిగా కొట్టుకొనును, వెలుతురు సహింపరాదు. ముదిరినపుడు, కంటిలో దోషము లేకున్నను రోగి చూడలేడు. రోడ్డు దాటుట ప్రమాదకరమగును. కుట్టుపని, చదువు సాగవు.

నిద్రలో ఈ బిగువు ఉండదు. మాటలాడునపుడో, కణతను తాకినపుడో కొందరికి తగ్గును. ఇది చూచి ఇంటివారు నటన యనియో, మతిభ్రమ యనియో తలచుట కలదు. అది పొరపాటు. కండరముల కదలికను అదుపుచేయు మెదడు భాగముల పనిలో కలిగిన లోపమే దీనికి మూలము.

ముఖమున ఒకవైపు మాత్రమే కన్ను, చెంప, పెదవి అదిరినచో అది వేరొక వ్యాధి. ముఖనాడిని రక్తనాళము ఒత్తుటవలన అది తరచుగా కలుగును.

చికిత్స

బొట్యులినమ్ అను విషపదార్థమును అత్యల్ప మోతాదులో రెప్పల కండరములలోనికి సూదితో ఎక్కించుట ముఖ్యమైన చికిత్స. అమెరికా నేత్రవైద్యుడు ఆలన్ స్కాట్ దీనిని మెల్లకంటికై రూపొందించెను. 1989లో అచటి ప్రభుత్వము మెల్లకంటికిని, ఈ వ్యాధికిని దీనిని వాడుటకు అనుమతించెను. కొలది దినములలో గుణము కనబడి, సుమారు 3, 4 నెలలు నిలుచును. పిమ్మట మరల చేయించుకొనవలెను. రెప్ప వ్రాలుట, కన్ను పొడిబారుట కలుగవచ్చును, అవి తాత్కాలికములు. ఈ మందుకు లొంగనివారికి శస్త్రచికిత్స కలదు.

వైద్యుని ఎప్పుడు చూడవలెను?

1. అదురు కొన్ని వారములైనను తగ్గనపుడు.
2. కన్ను పూర్తిగా మూసికొనిపోవునపుడు.
3. ముఖమున ఇతర భాగములును అదరునపుడు.
4. కన్ను ఎఱ్ఱబడినను, పుసి కట్టినను, రెప్ప వ్రాలినను.

కంటిలో ఆకుపసరులు, చనుబాలు పోయరాదు. రోగిని నిందింపక, నేత్రవైద్యునికడకో, నాడీవైద్యునికడకో తోడ్కొనిపోవుట ఇంటివారి విధి.