భూగర్భజలము – విద్యుత్పరీక్ష

బోరు వేయించి, నీరు పడక, అప్పు మాత్రము మిగిలిన రైతులను మనమందఱము నెఱుగుదుము. అరచేతిలో టెంకాయ నిలిపియో, వేపపంగ పట్టియో స్థలము చూపువారు మన గ్రామములలో నింకను గలరు. వారి మాట యొకచో ఫలించును, వేఱొకచో ఫలింపదు; కారణము తెలియు మార్గము లేదు. కావున కొలతపై నాధారపడిన పద్ధతి నొకదానిని సభ్యులకు వివరించుచున్నాము.

గట్టిరాయి విద్యుత్తును మిక్కిలి యడ్డగించును. రాతి బీటలలో నీరు నిండినచో, ఆ నీటియందు కరగిన లవణములు విద్యుత్తునకు దారి యిచ్చును. ఈ భేదమును కొలుచుటయే విద్యున్నిరోధ పరీక్ష. ఫ్రాన్సు దేశమున కాన్రాడ్ ష్లంబర్జే 1912లో దీనిని నేలపై ప్రయోగించి చూచెను.

విధానమిది. ఒకే వరుసలో, సమదూరమున, నాలుగు లోహపు మేకులను పాతవలెను. చివరి రెంటిద్వారా విద్యుత్తును నేలలోనికి పంపి, నడిమి రెంటి మధ్య వోల్టులను కొలువవలెను. మేకుల యెడమును 6.28 చేతను, వోల్టుల చేతను గుణించి, ఆంపియర్లచే భాగింపగా నేల నిరోధకత ఓమ్-మీటర్లలో వచ్చును. ఎడము 10 మీటర్లు, వోల్టు 0.05, ఆంపియరు 0.1 అయినచో ఫలము 31.4. మేకుల యెడమును పెంచినకొలది లోతు పొరల సంగతి తెలియును.

తెలంగాణ, రాయలసీమల నల్లరాతి నేలలలో చెక్కుచెదరని రాయి వేల ఓమ్-మీటర్లు చూపును. నీరు నిలిచిన మెత్తరాయి సాధారణముగా పదులలో నుండును. ఎడము కొంచెము పెంచగనే సంఖ్య వేగముగా నెగసినచో గట్టిరాయి దగ్గఱనే యున్నదని యర్థము. తక్కువ సంఖ్య దూరమువఱకు నిలిచినచో మెత్తరాయి మందముగా నున్నదని తలంపవచ్చును.

అయినను తక్కువ సంఖ్య యెల్ల నీరు కాదు. బంకమన్నును తక్కువే చూపును, గాని నీరీయదు. ఉప్పునీరు మఱింత తక్కువ చూపును. సముద్రతీర గ్రామములవారు దీనిని మఱువరాదు. గంధకముతో గూడిన లోహ ఖనిజములును, గ్రాఫైటును ఇట్లే విద్యుత్తును పోనిచ్చును. అందువలన ఖనిజాన్వేషణకును ఈ పద్ధతి యుపయోగపడుచున్నది. లోతున నుండు సన్నని బీట దీనికి చిక్కకపోవచ్చును.

కావున సభ్యులు మూడు పనులు చేయవలెను. మొదటిది, సమీపమున నీరున్న బావివద్దను, ఎండిన బోరువద్దను ముందుగా కొలిపించి, తమ పొలపు కొలతతో పోల్చవలెను. రెండవది, విద్యుత్తీగెలకును, తీగెకంచెలకును, ఇనుపగొట్టములకును దూరముగా కొలిపింపవలెను. నేల పొడిగా నున్నచో మేకుల మొదట నీరు పోయవలెను. మూడవది, ఎడములును సంఖ్యలును వ్రాసిన కాగితమును అడిగి తీసికొనవలెను. ఒక్క సంఖ్య చూపి "నీరు తథ్యము" అనువారిని నమ్మరాదు.

పలువురు సభ్యులు కలిసి, ఒకే పర్యాయమున తమ పొలములను కొలిపించుకొన్నచో ఖర్చు తగ్గును. ఇచ్చట బోరు వలదని పరీక్ష తేల్చినను, ఆ ఖర్చు వృథా కాదు. చేయకుండ తప్పిన అప్పే ఆ రైతునకు లాభము.