పుట్ట దగ్గర ఆవు

కనుమ పండుగ మీకు తెలుసు. సంక్రాంతి మర్నాడు వస్తుంది. ఆ రోజు ఎద్దుల్నీ ఆవుల్నీ కడుగుతారు. కొమ్ములకు రంగు పూస్తారు. మెడలో మువ్వలు కడతారు. పసుపు, కుంకుమ పెట్టి దండం పెడతారు. పొంగలి తినిపిస్తారు. చాలా ఊళ్లలో ఆ రోజు కాడి కట్టరు.

ఆవుకు దండం ఎందుకు పెడతాం? పెద్దవాళ్లు ఎన్నో కథలు చెప్తారు. పాలసముద్రం చిలికితే కామధేనువు పుట్టిందని ఒక కథ. వశిష్ఠుడి ఆవును విశ్వామిత్రుడు బలవంతంగా తోలుకుపోబోయాడని ఇంకో కథ. ఇవి దేవతల కథలు, ఋషుల కథలు. తిరుమల కథ వేరు. అందులో ఆవుతో పాటు పశువుల కాపరి కూడా ఉన్నాడు. ఆ కథ చదువుదాం.

లక్ష్మీదేవి అలిగి వైకుంఠం విడిచి వెళ్లింది. విష్ణువు ఆమెను వెతుక్కుంటూ భూమికి వచ్చాడు. వేంకటాచలం మీద ఒక పుట్టలో ఉండిపోయాడు. తిండీ లేదు, నీళ్లూ లేవు. అది చూసి బ్రహ్మ ఆవుగా మారాడు. శివుడు దూడగా మారాడు. లక్ష్మీదేవి గొల్లభామ వేషంలో వచ్చి, ఆ రెంటినీ చోళరాజుకు అమ్మింది.

ఆవు రోజూ మందతో కొండకు పోయేది. పుట్ట మీద నిలబడి పాలు ధారగా వదిలేది. ఇంటికొచ్చేసరికి పొదుగు ఖాళీ. రాణికి కోపం వచ్చింది. "పాలు నువ్వే తాగుతున్నావా?" అని కాపరిని నిలదీసింది. పాపం, అతనికేం తెలుసు? ఆవు పాలివ్వకపోతే ముందు మాట పడేది కాపరే గదా!

మర్నాడు కాపరి ఆవు వెనకే వెళ్లాడు. పాలు పుట్టలో పడుతున్నాయి. కోపం పట్టలేక గొడ్డలి ఎత్తాడు. అంతలో పుట్టలోంచి దేవుడు లేచాడు. ఆవు మీద పడాల్సిన దెబ్బ తన తల మీద వేసుకున్నాడు. ఆ రక్తం చూసి కాపరి కుప్పకూలిపోయాడు.

దేవుడు ఎవర్ని శపించాడు? కాపరిని కాదు, రాజును. పనివాడి తప్పుకు యజమానే బాధ్యుడు అన్నాడట. కాపరి వంశానికి మాత్రం తన తొలి దర్శనం ఇచ్చాడు.

తిరుమలలో ఈ ఆచారం నేటికీ ఉంది. తెల్లవారుజామున గుడి తలుపులు తీయగానే సన్నిధి గొల్ల దివిటీ పట్టుకుని ముందు లోపలికి వెళ్తాడు. తొలి దర్శనం ఆయనదే.

కథలో ఆవు కొండ మీద గడ్డి మేసింది. మన వీధుల్లో తిరిగే ఆవు ఏం తింటోంది? ఎంగిలి అన్నం, కూరగాయల తొక్కలు మనం ప్లాస్టిక్ కవర్లో కట్టి పారేస్తాం. ఆవుకు ముడి విప్పడం రాదు. కవరుతో సహా మింగేస్తుంది. ఆవు పొట్టలో 4 గదులు ఉంటాయి. కవర్లు మొదటి గదిలోనే చిక్కుకుపోతాయి. అవి అరగవు. బయటికీ రావు. పొట్ట నిండినట్టే ఉంటుంది, ఆవు మేత మానేస్తుంది. ఎండిపోతుంది. కొన్ని చచ్చిపోతాయి. పశువైద్యులు కొన్ని ఆవుల పొట్ట కోసి కిలోల కొద్దీ ప్లాస్టిక్ బయటికి తీశారు.

చర్చించండి: మీ ఊళ్లో కనుమ నాడు పశువులకు ఏమేం చేస్తారు? మిగతా రోజుల్లో వాటిని మేపేది ఎవరు? మీ ఇంటి చెత్త ఎక్కడ పోస్తున్నారు?