తప్పు ఎట్లా చెప్పాలి (బైబిలు పాఠం)

ఈసారి నేను ఒక పాఠం రాస్తున్నాను. ప్రార్థనకు రాని వాళ్లు కూడా చదవచ్చు, ఇందులో కథ ఉంది.

దావీదు రాజు చాలా పెద్ద తప్పు చేశాడు. తన సైన్యంలో ఉన్న ఊరియా భార్యను తీసుకున్నాడు. అది బయటపడకుండా ఊరియాను యుద్ధంలో ముందు వరసలో పెట్టించి చంపించాడు. ఇది సమూయేలు రెండవ గ్రంథం 11వ అధ్యాయంలో ఉంది. 12వ అధ్యాయంలో దేవుడు నాతాను ప్రవక్తను రాజు దగ్గరికి పంపాడు. నాతాను పోయి హంతకుడా అని అరవలేదు. ఒక కథ చెప్పాడు. ఒక ఊళ్లో ఇద్దరు మనుషులు. ఒకడికి గొర్రెలు మందలుగా ఉన్నాయి. ఇంకొకడు బీదవాడు, వాడికి ఒక్కటే గొర్రెపిల్ల. అది వాడి పిల్లలతో పాటే పెరిగింది, వాడి ముద్దలోదే తినేది, వాడి గిన్నెలోదే తాగేది. (మా ఇంట్లో మేకపిల్ల కూడా అంబలి గిన్నెలో మూతి పెడుతుంది. అందుకే నాకు ఈ కథ బాగా అర్థమైంది.) ఉన్నవాడింటికి చుట్టం వస్తే వాడు తన మందలోది కొయ్యకుండా బీదవాడి పిల్లను తెచ్చి వండించాడు. దావీదుకు కోపం వచ్చింది. వాడు చావాల్సినవాడే, ఒకదానికి నాలుగు ఇయ్యాలి అన్నాడు. ఆ మనిషివి నువ్వే అని నాతాను అప్పుడు చెప్పాడు. దావీదు తన పాపం ఒప్పుకున్నాడు.

నాతాను తప్పును చిన్నది చెయ్యలేదు. దానివల్ల వచ్చే శిక్ష కూడా చెప్పాడు. కానీ రాజు తన తప్పు తానే చూసేట్టు చేశాడు. ప్రేమ అంటే ఊరుకోవటం అని కొందరు అంటారు, నేను ఒప్పుకోను.

మత్తయి 18వ అధ్యాయం 15 నుంచి 17 వచనాలలో యేసు దీనికి వరస చెప్పాడు. మొదట మనం ఒక్కరమే పోయి చెప్పాలి. వింటే మన మనిషి మనకు దక్కినట్టే. వినకపోతే ఇంకా ఒకరిద్దరిని తీసుకుపోవాలి. అప్పటికీ వినకపోతేనే సంఘానికి చెప్పాలి.

నేను ఈ వరస తిప్పేశాను. దసరా సెలవుల తర్వాత ఒక అమ్మాయి వేరేవాళ్ల ట్రంకుపెట్టెలో నుంచి కొబ్బరినూనె సీసా తీసింది. నేను చూశాను. ఆమెను అడగలేదు. ఆదివారం ప్రార్థనలో కళ్లు మూసుకొని, ప్రభువా మాలో ఒక దొంగ ఉంది, ఆమెను మార్చు అన్నాను. ఎవరో అందరికీ తెలిసిపోయింది. అది దేవునితో చెప్పింది కాదు, వీళ్లకు వినబడాలని చెప్పింది. ఆ రోజు నుంచి అన్నం లైనులో కూడా ఆమెను దొంగ అనే పిలిచారు. ఆమెకు నూనె పంపేవాళ్లు లేరని తర్వాత తెలిసింది. అట్లని తీయటం తప్పు కాదు అనను. అడిగితే ముందే తెలిసేది. సంక్రాంతి సెలవులకు పోయింది, మళ్లీ రాలేదు.

గలతీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయం మొదటి వచనంలో, పడినవాళ్లను మెత్తగా లేపాలి, నువ్వు కూడా పడతావేమో చూసుకో అనే అర్థంలో పౌలు రాశాడు. నేను 8వ తరగతిలో లెక్కలు చూసి రాసి, సొంతంగా చేశానని సారుకు చెప్పాను. మత్తయి 7వ అధ్యాయంలో నలుసు, దూలము అని ఉంది కదా. మా ఇంటి దూలం ఇద్దరు పట్టినా లేవదు. అంతది కంట్లో పెట్టుకొని నేను ఆమె నలుసు చూశాను!

వాళ్ల ఊరు వాగు అవతల. వాళ్లమ్మ మంగళవారం సంతకు వస్తుంది. ఉత్తరం రాసి పెట్టాను. అందులో నూనె సంగతి రాయలేదు, నా ప్రార్థన సంగతి రాశాను. రిజిస్టరులో ఆమె పేరు ఇంకా ఉంది. సారు రోజూ పిలుస్తారు, మేము ఎవ్వరం పలకము.