క్లిప్పు ఊడితే సెలవు పెట్టాలా?

శని, ఆదివారాలైనా, కార్తీక మాసమైనా యాదగిరిగుట్టలో కొబ్బరికాయల దుకాణంలో పనిచేసేవాళ్లకూ, లాడ్జి కౌంటరులో కూర్చునేవాళ్లకూ సెలవు దొరకదు. పళ్లకు క్లిప్పులు ఉన్నవాళ్లకు ఆ రోజే వైరు బుగ్గకు గుచ్చుకోవచ్చు. క్లిప్పులు వేసిన డాక్టరు హైదరాబాదులో ఉంటే, వెళ్లి రావడానికి ఒక రోజు కూలి పోతుంది. కానీ చాలా ఇబ్బందులను సెలవు దొరికేదాకా ఇంట్లోనే అదుపులో పెట్టుకోవచ్చు.

ముందు మన ప్రాంతం సంగతి. నల్లగొండ బోరు నీళ్లలోని ఫ్లోరైడుతో ఎంతోమందికి చిన్నప్పుడే పళ్ల మీద గారలు పడ్డాయి. అలాంటి పన్ను మీద వైరును పట్టి ఉంచే బ్రాకెట్ అంటించే ముందు రాసే ఆసిడ్ సరిగా పట్టదు. అంటు బలంగా ఉండక బ్రాకెట్ త్వరగా ఊడుతుంది. కాబట్టి ఊడిన ప్రతిసారీ తప్పు మీదేనని బాధపడకండి. ఏ నీళ్లు తాగి పెరిగారో మొదటి రోజే డాక్టరుకు చెప్పండి. అలాగని ఫ్లోరైడ్ పేస్టుకు భయపడొద్దు. గారలు పడేది పన్ను చిగురు లోపల తయారయ్యేటప్పుడు, అంటే సుమారు 8 ఏళ్ల లోపు. పెద్దవాళ్లకు ఆ పేస్టు క్లిప్పుల చుట్టూ పుచ్చు రాకుండా కాపాడుతుంది.

ఊడిన బ్రాకెట్ వైరుకు వేలాడుతుంటే లాగొద్దు. ఆ చోటును దూదితో తుడిచి ఆరబెట్టి, క్లిప్పులకు వాడే మైనాన్ని బఠానీ గింజంత ఉండ చేసి అద్దండి. పూర్తిగా ఊడి చేతికొస్తే కాగితంలో చుట్టి దాచండి. క్విక్ గమ్‌తో మాత్రం ఎప్పుడూ అంటించుకోవద్దు, నోరు కాలుతుంది. ఫోన్లో ఫొటో తీసి క్లినిక్‌కు పంపితే, వెంటనే రావాలో వారం ఆగొచ్చో వాళ్లే చెబుతారు.

గుచ్చుకునే వైరును పెన్సిల్ వెనక ఉండే శుభ్రమైన రబ్బరుతో మెల్లగా పంటి వైపు వంచి, పైన మైనం పెట్టండి. ఇంట్లో కత్తిరించొద్దు, ముక్క గొంతులోకి జారొచ్చు. బుగ్గ పుండైతే గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించండి. లవంగ నూనె పుండును ఇంకా మండిస్తుంది.

వైరు బిగించాక మూడు నుంచి అయిదు రోజులు నొప్పి మామూలే. పడేవాళ్లు పారాసిటమాల్ వేసుకోవచ్చు. పప్పన్నం మెత్తగా కలుపుకోండి. ప్రసాదాన్ని వదులుకోనక్కర్లేదు. లడ్డూలో పలుకులు ఏరి చిదుపుకుని తినండి, పులిహోరలో పల్లీలు తీసేయండి. మక్క కంకిని కొరక్కుండా ఉడికిన గింజలు ఒలుచుకోండి. కొబ్బరి ముక్కలు, సకినాలు మాత్రం క్లిప్పులు తీసేదాకా మానాల్సిందే. వేపపుల్ల నమలడమూ అంతే.

ముఖం వాచి జ్వరం వచ్చినా, నెత్తురు ఆగకపోయినా, బండి మీద నుంచి పడి పన్ను కదిలినా డ్యూటీ వదిలి వెళ్లండి. క్లిప్పు ముక్క మింగాక దగ్గు ఆగక ఊపిరి ఆడకపోతే 108కి ఫోన్ చేయాలి. ఇబ్బంది లేకుండా కడుపులోకి పోతే చాలా వరకు దానంతట అదే బయటికి పోతుంది, అయినా డాక్టరుకు చెప్పండి.

ఖర్చుకు వెనకాడేవాళ్లకు అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలలో క్లిప్పుల విభాగం ఉంది. తర్వాతి అపాయింట్‌మెంటు గుట్టలో రద్దీ పెరిగే స్వాతి నక్షత్రం లేని వారంలో, మంగళవారమో బుధవారమో తీసుకోండి. వెళ్లినప్పుడు మైనం డబ్బా అడిగి తెచ్చుకుని డ్యూటీ సంచిలో పెట్టుకోండి.