కప్పు మొదట, రంగు తరువాత

పాఠ్యభాగము: 2 రాజులు 12:4–16



పాత ఇంటిని బాగుచేయ పూనుకొనినవాడు మొదట గోడలకు రంగు వేయగోరును. రంగు నలుగురి కంటికి కనబడును గదా! దూలమునకు పట్టిన చెదలను దులిపితివని ఎవరు మెచ్చుకొందురు? అయినను ఇల్లు నిలుచునది ఇట్టి మరుగు పనులవలననే.

1. ఆలస్యము: యోవాషు ఏడేండ్ల ప్రాయమున రాజాయెను. మందిరమును బాగుచేయవలెనని అతడు యాజకులకు ఆజ్ఞాపించెను. అయితే అతని యేలుబడిలో 23వ సంవత్సరము వచ్చినను శిథిలమైన చోట్లు అట్లే యుండెను. ఆ బీటలను యాజకులు ఎరుగనివారు కారు. ప్రతిదినము చూచునది కంటికి అలవాటగును. అలవాటైన లోపము లోపముగా తోచదు.

2. పెట్టె: అప్పుడు యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, మూతకు బెజ్జము చేసి, బలిపీఠము దగ్గర ఉంచెను. నిండిన ద్రవ్యమును రాజు ప్రధానమంత్రియు ప్రధానయాజకుడును కలిసి లెక్కించిరి. ఒక్కడే లెక్కించలేదని గమనించుడి. అది వడ్రంగులకును కాసెపనివారికిని, మ్రానులకును రాళ్లకును వ్యయమాయెను. పనివారు నమ్మకస్థులు గనుక వారిని లెక్క అడుగలేదు.

3. క్రమము: ఆ ద్రవ్యముతో వెండిపాత్రలు చేయింపలేదని 13వ వచనము తెలుపుచున్నది. పాత్రలు చెడ్డవా? కావు. పని ముగిసిన తరువాత మిగిలిన ద్రవ్యముతో పాత్రలు చేయించిరని 2 దినవృత్తాంతములు 24:14 చెప్పుచున్నది. గోడ మొదట, వెండి తరువాత.

మన గ్రామములలోని పాత మందిరముల సంగతియు అంతే. వానకు ముందే పగిలిన పెంకులు మార్చవలెను. గోడ సందులో మొలిచిన రావి మొక్కను వేరుతోకూడ తీయవలెను. పైకొమ్మ నరికిన మరల చిగుర్చును. చూరునీరు పునాదిలోనికి దిగకుండ కాలువ తీయవలెను. సున్నముతో కట్టిన పాత గోడకు సిమెంటు పూత పూసినయెడల లోని చెమ్మ బయటికి పోలేక పూతను పొక్కించి రాల్చును. దానికి సున్నపు పూతయే తగినది. ఇవి చేయక మైకునకును రంగుదీపములకును చందా వేసికొనుట యోవాషు కాలపు మరపు వంటిదే.

4. హీనమైన పని: యెరూషలేము గోడ కట్టినప్పుడు పెంట గుమ్మమును బాగుచేసిన మల్కీయా ఒక ప్రదేశమునకు అధిపతి (నెహెమ్యా 3:14). చెత్త పోవు త్రోవయని అతడు సిగ్గుపడలేదు. దేవుని గ్రంథములో అతని పేరు నిలిచెను.

తరములు గడచిన పిమ్మట యోషీయా దినములలో ఆ మందిరమునకే మరల మరమ్మతు కావలసివచ్చెను. ఆ సమయముననే ధర్మశాస్త్ర గ్రంథము దొరికెను (2 రాజులు 22:8). మన హృదయమను ఇంటిలోను నేడు సరిచేసినది రేపు మరల చూచుకొనవలసినదే. ఆదివారపు తెల్లని బట్ట రంగువంటిది. తీర్చని అప్పు, తోడబుట్టినవానితో మాటలు మానుట, ఇవి దూలములోని చెదలు. వీటిని ముందుగా బాగుచేసికొందము.

ఆలోచించుడి: మన మందిరములో అలవాటుచేత మనకు కనబడకపోయిన బీట ఏది? నా యింటిలో ఏది?

ప్రార్థన: ప్రభువా, ఎవరును చూడని పనిని నీవు చూచుచున్నావని నమ్మి చేయు మనస్సు మాకు దయచేయుము. ఆమేన్.